తడి ఇసుక దాకా దారి

అమెరికా వచ్చినవాళ్ళు నయాగరా చూస్తారు, గ్రాండ్ కాన్యన్ చూస్తారు. నేను మా అబ్బాయిని ఒక గేటు చూపించమని అడిగాను.

వాడు నవ్వాడు. "నాన్నా, సెలవు పెట్టుకుని మరీ గేట్లు చూడ్డానికి పోదామా?" అన్నాడు. ముప్ఫై రెండేళ్ళు సర్వే శాఖలో గొలుసు లాగి, మండల సర్వేయర్‌గా రిటైరైన మనిషికి గేట్ల మీదా గట్ల మీదా ఎంత ఆసక్తో వాడికి తెలియనిది కాదు. ఫ్రీమాంట్‌లో మా వీధిలో సాయంత్రాలు వాకింగ్‌కి వచ్చే తెలుగు పెద్దవాళ్ళ బ్యాచ్ ఒకటుంది. ఈ సంగతి అక్కడే చెవిన పడింది. సిలికాన్ వ్యాలీలో బాగా డబ్బున్న ఒకాయన, మన ఇండియా నుంచి వెళ్ళినాయనే, సముద్రం ఒడ్డున భూమి కొని బీచ్‌కి పోయే రోడ్డుకి గేటు పెట్టాడట. ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలుగుతోందట. మిగతావాళ్ళంతా ఆయన ఆస్తి ఎంతని లెక్కలు వేస్తున్నారు. నాకు మాత్రం ఒకటే కుతూహలం: ఆ రోడ్డు రికార్డులో ఏమని ఉంది?

2024 జూన్‌లో, మనవరాలి బడికి సెలవులిచ్చాక, ఐదుగురం బయల్దేరాం. కోడలు దారి పొడుగునా హోటళ్ళు బుక్ చేసింది. మా ఆవిడ పులిహోర కలిపింది.

మొదటి రోజు: ఫ్రీమాంట్ నుంచి మార్టిన్స్ బీచ్

శాన్ మాటియో వంతెన దాటి, కొండల మీదుగా హాఫ్ మూన్ బే చేరేసరికి పది దాటింది. జూన్ నెల కదా అని మా ఆవిడ నేత చీర కట్టుకుని వచ్చింది. అక్కడ మంచు పొగ, చలి. కోడలు తన జాకెట్ తీసి, "అత్తయ్య గారూ, ఇది వేసుకోండి, ఇక్కడ ఎండాకాలమంటే ఇంతే" అంది. చీర మీద ఎర్ర జాకెట్‌తో మా ఆవిడ యాత్ర మొదలైంది.

ఊరి నుంచి దక్షిణంగా ఆరు మైళ్ళు. కుడి వైపు పొలాలు, వాటి చివర తెల్లటి ఆకాశం. సముద్రం కనపడదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. హైవే పక్కనే గేటు. నేనేదో కోట ద్వారం ఊహించుకున్నాను. మా వైపు మామిడితోటలకు పెట్టే ఇనుప గేటుకి దీనికీ పెద్ద తేడా లేదు. ఆ రోజు తెరిచే ఉంది. పార్కింగ్‌కి పది డాలర్లు కట్టి కిందికి దిగాం.

రోడ్డు వంపు తిరుగుతూ దిగుతుంది. దిగాక గాని బీచ్ కనపడదు. నీళ్ళలో ఒక పెద్ద రాయి, అచ్చం సొరచేప వీపు మీది రెక్కలాగా నిలబడి ఉంది. ఒడ్డున వరసగా పాత చెక్క ఇళ్ళు, నలభైకి పైనే. రెండు వైపులా నిట్టనిలువు కొండచరియలు. నేను చూసింది ఆ కొండచరియల్నే. పక్క బీచ్ నుంచి ఇసుక మీద నడిచి ఇక్కడికి రావడం కుదరని పని. ఉన్నది ఈ ఒక్క రోడ్డు. అది మూస్తే బీచ్ మూసినట్టే.

ఇక్కడ చట్టం ఏమంటుందంటే, పోటు వచ్చినప్పుడు నీరు చేరే గీతకి కింద ఉన్నదంతా ప్రజలది. తడి ఇసుక సర్కారుది, పొడి ఇసుక పట్టాదారుది కావచ్చు. మార్టిన్స్ బీచ్‌లో పెద్ద గొడవ తడి ఇసుక గురించి కాదు. తగాదా ముఖ్యంగా హైవే నుంచి ఆ తడి ఇసుక దాకా ఉన్న దారి మీదే.

ముందు ఈ భూమి డీనీ అనే కుటుంబానిది. వాళ్ళు దశాబ్దాల పాటు జనాన్ని రానిచ్చారు. పార్కింగ్‌కి కొంత తీసుకునేవారు, ఒక కొట్టు నడిపేవారు. 2008లో 3.25 కోట్ల డాలర్లకి అమ్మారు. కొన్నది వినోద్ ఖోస్లాకి చెందిన కంపెనీలు. సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ల కంపెనీ స్థాపించినవారిలో ఆయనొకరు. కొన్నాళ్ళు పాత పద్ధతే నడిచింది, తర్వాత గేటు పడింది. 2012లో గేటు దాటి వెళ్ళిన ఐదుగురు సర్ఫర్ల (పలక మీద నిలబడి అలలపై జారేవాళ్ళ) మీద కేసు పెట్టి, మళ్ళీ ఎత్తేశారు.

తర్వాతి కథ మన రెవెన్యూ కోర్టులు కూడా సిగ్గుపడేంత మెలికలు తిరిగింది. ఒక వర్గం, ప్రజలకి సముద్రం దాకా వెళ్ళే హక్కు కాలిఫోర్నియా రాజ్యాంగంలోనే ఉందని కోర్టుకి వెళ్ళింది. ఖోస్లా తరఫు లాయర్లు ఎక్కడికి పోయారో చూడండి. ఈ నేల మెక్సికో పాలనలో ఇచ్చిన ఇనాము భూమి. 1848లో అమెరికాకీ మెక్సికోకీ సంధి జరిగినప్పుడు పాత పట్టాలను గౌరవిస్తామని మాట ఇచ్చారు. కాబట్టి ఆ తర్వాత పుట్టిన రాష్ట్ర రాజ్యాంగం మా పట్టాకి వర్తించదు అన్నారు. 2013లో జడ్జి సరేనన్నారు! మా డిపార్ట్‌మెంట్‌లో ఎస్టేట్ల కాలం నాటి కాగితం తెచ్చి సర్కారు నోరు మూయించే ప్లీడర్లని చూశాను. కానీ ఇది వాళ్ళ తాతలనాటి విద్య.

రెండో కేసు సర్ఫ్‌రైడర్ ఫౌండేషన్ అనే సర్ఫర్ల సంఘం వేసింది. వాళ్ళు హక్కు జోలికే పోలేదు. గేటు మూయడం కూడా తీరం వాడకంలో మార్పే, దానికి కోస్టల్ కమిషన్ (తీరంలో కట్టడాలకి అనుమతులిచ్చే రాష్ట్ర సంస్థ) పర్మిట్ ఉండాలి, ఉందా? ఇంతే అడిగారు. 2014లో గెలిచారు, 2017లో అప్పీల్లోనూ గెలిచారు. 2018 అక్టోబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఖోస్లా పిటిషన్ వినడానికే ఒప్పుకోలేదు. మధ్యలో, దారి హక్కు మీరే కొనుక్కోండని ఆయన తరఫున రాష్ట్రానికి ఒక రేటు చెప్పారు: 3 కోట్ల డాలర్లు. ప్రభుత్వం వేయించిన విలువ 3.6 లక్షల డాలర్లు. మార్కెట్ విలువకీ రిజిస్ట్రేషన్ విలువకీ తేడా నాకు కొత్తేమీ కాదు గాని, ఎనభై రెట్ల పైన తేడా ఎప్పుడూ చూడలేదు. 2020లో రాష్ట్రమే మరో కేసు వేసింది, ఇన్నేళ్ళుగా జనం వాడిన దారి కాబట్టి అది ప్రజల దారేనని. మేం వెళ్ళేనాటికి అది ఇంకా నడుస్తోంది.

ఆయన్ని రాక్షసుణ్ణి చేయడం తేలిక. ఈ భూమి కొనకుండా ఉంటే బాగుండేదని ఆయనే ఒక పత్రికతో అన్నారు. ఇది తన కోసం కాదు, ఆస్తి హక్కు అనే సూత్రం కోసమనీ చెప్పుకున్నారు. సూత్రం కోసం కోర్టు మెట్లెక్కిన రైతులు నాకు చాలామంది తెలుసు. రెండు లింకుల, అంటే మూరెడు కూడా లేని, గట్టు కోసం రెండెకరాలు అమ్ముకున్నవాళ్ళు.

ఒడ్డున ఒక ముసలాయన కుక్కతో నడుస్తూ మా ఆవిడ చీరనీ జాకెట్‌నీ చూసి పలకరించాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఇక్కడికి తెచ్చేవాడట. ఎండాకాలంలో స్మెల్ట్ అనే చిన్న చేపలు అలల్లో ఒడ్డు దాకా వస్తాయట, రెండు కర్రల మధ్య వల బిగించి నడుంలోతు నీళ్ళలో నిలబడి పట్టేవాళ్ళట. చేతులు రెండూ చాపి ఆ కర్రల కోణం చూపించాడు. అబ్బాయి నాకు తర్జుమా చేస్తుంటే మాకు చీరాల అవతల ఉన్న సరుగుడు తోట గుర్తొచ్చింది. మా నాన్న కాలంలో ఆ తోట మధ్యలోంచే పల్లెవాళ్ళు వలలు భుజాన వేసుకుని తెల్లవారుజామున సముద్రానికి పోయేవాళ్ళు. మా ఇంట్లో ఎవరూ వాళ్ళని ఆపిన గుర్తు లేదు. పోనివ్వడం అనే ఆలోచనే లేదు, దారి ఉంది, పోయేవాళ్ళు, అంతే.

రాత్రి శాంటా క్రూజ్‌లో బస.

రెండో రోజు: శాంటా క్రూజ్, రియో డెల్ మార్

పొద్దున్నే వెస్ట్ క్లిఫ్ డ్రైవ్ మీద నడిచాం. కొండ అంచున రోడ్డు, కింద అలల మీద సర్ఫర్లు నల్లటి సూట్లు వేసుకుని, సీల్ జంతువులకీ వాళ్ళకీ తేడా తెలియకుండా ఉన్నారు. ఈ రోడ్డు పక్క నేల మీదే 1970లో ఒక పెద్ద తీర్పు వచ్చింది, జియోన్ కేసు. ఒక ప్రైవేటు స్థలాన్ని జనం ఎవరినీ అడగకుండా, తమదే అన్నట్టు ఐదేళ్ళకి పైగా వాడుకుంటే, యజమాని దాన్ని ప్రజలకి వదిలేసినట్టే లెక్క అని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు మంచిదే. కానీ రాష్ట్రమంతటా భూస్వాములు కంగారుపడి, రేపు ఇది మన మెడకి చుట్టుకుంటుందని, ఉన్న దారులకి కూడా కంచెలు వేయడం మొదలుపెట్టారు. దాంతో శాసనసభ చట్టం మార్చి ఆ సూత్రానికి పగ్గాలు వేయాల్సి వచ్చింది. మన దగ్గర కౌలుదారుకి హక్కొస్తుందంటే ముందు రోజే కౌలుదారుణ్ణి మార్చేసేవాళ్ళు. అదే బుద్ధి, ఊరే వేరు.

ఊరి తూర్పున కొండ అంచున ఒక చిన్న పార్కు ఉంది. దాని కింది బీచ్‌ని సర్ఫర్లు ప్రైవేట్స్ అంటారు. ఒకప్పుడు ఆ గేటుకి తాళం ఉండేది, తాళంచెవి కావాలంటే ఏడాదికి 100 డాలర్లు. బీచ్‌కి తాళంచెవి అన్న మాట విని మా మనవరాలు, "తాతయ్యా, ఓషన్‌కి కూడా తాళం ఉంటుందా?" అంది. కోస్టల్ కమిషన్ కలగజేసుకున్నాక ఆ పద్ధతి పోయింది.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం రియో డెల్ మార్. నచ్చడమంటే ఊరు కాదు, తగాదా. అక్కడ ఒడ్డు వెంబడి వరసగా ఇళ్ళు, ఇళ్ళకీ ఇసుకకీ మధ్య ఒక గోడ, గోడకి ఇవతల ఒక నడక దారి. ఆ దారి ప్రజలదని కౌంటీ, అంటే అక్కడి జిల్లా ప్రభుత్వం, అంటుంది. మా స్థలమేనని ఇళ్ళవాళ్ళంటారు. ఇళ్ళవాళ్ళు అడ్డం కట్టారు, కౌంటీవాళ్ళు వచ్చి తీయించారు, వీళ్ళు కోర్టుకి వెళ్ళి మళ్ళీ పెట్టారు. 2023 డిసెంబర్‌లో కోస్టల్ కమిషన్ నలభై ఏడెనిమిది లక్షల డాలర్ల జరిమానా వేసింది. వీధి చివర నిలబడి చూశాను. ఒక ఇంటి ముందు గొడుగు, రెండు కుర్చీలు. పక్కింటి ముందు పూలకుండీలు. గుంటూరు జిల్లాలో డొంక ఆక్రమణలన్నీ ఇలాగే మొదలయ్యేవి. ముందు ఒక నులకమంచం, తర్వాత గేదెని కట్టే గుంజ, తర్వాత పైన ఒక పందిరి. నోటీసు తీసుకుని వెళ్ళేసరికి "మా తాతల నాటి నుంచి ఇది మా వాకిలేనండీ" అంటారు. వాళ్ళు అబద్ధమాడుతున్నామని కూడా అనుకోరు, నిజంగానే నమ్ముతారు. కుర్చీ వేసుకుని రోజూ కాఫీ తాగే చోటు మనది కాదంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

నేను అడుగులతో ఆ వెడల్పు కొలవబోతుంటే అబ్బాయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. "విజిటర్ వీసా మీద వచ్చారు నాన్నా, కొలతలు వద్దు."

బిగ్ సర్ మీదుగా వెళ్దామనుకున్నాం గాని కొండచరియలు విరిగిపడి హైవే 1 మధ్యలో మూసేశారు. వాట్సన్‌విల్ స్ట్రాబెరీ తోటల పక్కనుంచి 101 పట్టుకుని, రాత్రికి శాన్ లూయిస్ ఒబిస్పో. ఆ దారిలో చెప్పుకోవాల్సిందేమీ లేదు. పులిహోర అయిపోయింది.

మూడో రోజు: గావియోటా

గావియోటా దగ్గర 101 రోడ్డు కొండల ఇరుకులోంచి దూకినట్టుగా సముద్రం ముందుకి వస్తుంది. స్టేట్ పార్కులో బీచ్ మీదుగా పొడుగ్గా ఒక రైలు వంతెన. దాని కింద ఇసుకలో కూర్చుని ఇడ్లీలు తిన్నాం, కోడలు ముందు రోజు హోటల్ గదిలో మైక్రోవేవ్‌లో చేసింది. వాటి గురించి ఇంతకంటే రాయను.

పార్కుకి పడమర హోలిస్టర్ రాంచ్ మొదలవుతుంది. 14,500 ఎకరాలు, ఎనిమిదిన్నర మైళ్ళ తీరం. దాదాపు నూరేసి ఎకరాల ముక్కలుగా అమ్మారు. ఒక్కో ముక్కకి పన్నెండు మంది దాకా వాటాదారులు ఉండొచ్చు. వాళ్ళకీ, వాళ్ళ అతిథులకీ తప్ప ఆ రోడ్డులో ప్రవేశం లేదు, గేటు దగ్గర కాపలా ఉంటుంది. బయటివాళ్ళు అక్కడి తడి ఇసుక మీద కాలు పెట్టాలంటే పడవలో రావాలి, లేదా ఆటు సమయంలో ఈ పార్కు నుంచి రాళ్ళ మీదుగా నడవాలి. పోటు వచ్చేలోపు వెనక్కి రాకపోతే ఇక ఎక్కడా ఒడ్డుకి ఎక్కే దారి లేదు.

1982లోనే జనానికి దారి ఇచ్చే ప్రణాళిక ఒకటి తయారైంది. కాగితం మీదే ఉండిపోయింది. 2018లో రాష్ట్రం, యజమానులు ఒక రాజీకి వచ్చారు: ముప్పావు మైలు ముక్క, అది కూడా సముద్రం మీంచి వచ్చేవాళ్ళకే. జనం మండిపడ్డారు. మరుసటి ఏడు కొత్త చట్టం వచ్చింది, 2022 ఏప్రిల్ కల్లా నేల మీద దారి మొదలు కావాలని. మేం వెళ్ళింది 2024లో. దారి లేదు.

రాంచ్ వాళ్ళ మాట కూడా వినాలి. అక్కడి తీరం దక్షిణ కాలిఫోర్నియాలో మిగిలిన అతి శుభ్రమైన తీరాల్లో ఒకటి. పశువులు మేస్తాయి, ఇళ్ళు తక్కువ, చెత్త లేదు. చుమాష్ అనే ఆదివాసీలకి ఆ ప్రాంతం పవిత్రమైనది. జనాన్ని వదిలితే ఏడాదిలో ప్లాస్టిక్ సీసాలు తప్ప ఏమీ మిగలదు అంటారు వాళ్ళు. ఈ వాదన వింటుంటే ఎక్కడో విన్నట్టే ఉంది. అప్పుడు గుర్తు రాలేదు.

వంతెన మీదుగా రైలు వెళ్ళింది. అబ్బాయి చెప్పాడు, ఆ రైలు నేరుగా రాంచ్ లోపలి నుంచే, సముద్రం అంచునే పోతుందట. టికెట్ కొన్నవాడెవడైనా కిటికీలోంచి ఆ ఎనిమిదిన్నర మైళ్ళూ చూడొచ్చు. దిగడానికి స్టేషన్ లేదు. మనవరాలు చెయ్యి ఊపింది. కిటికీలోంచి ఎవరో తిరిగి ఊపారు.

రాత్రి వెంచురాలో హోటల్ మంచం మీద పడుకున్నాక గుర్తొచ్చింది, ఆ మాట ఎక్కడ విన్నానో. మా తమ్ముడు అన్నాడు. సరుగుడు కొట్టేసి ఆ భూమిని రొయ్యల చెరువులకి లీజుకిచ్చాం, పన్నెండేళ్ళవుతోంది. లీజుకి తీసుకున్నాయన కట్ట మీద గేటు పెట్టాడు. పల్లెవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి దారి అడిగితే తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "వాళ్ళు నడిస్తే వైరస్ వస్తుందంటున్నాడన్నయ్యా, తెల్లమచ్చ వస్తే పంటంతా పోద్ది. పైగా చెత్త" అన్నాడు. నేను "ఊ" అన్నాను. తెల్లమచ్చ రోగం అబద్ధం కాదు, దానితో కొంపలు కూలినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. పల్లెవాళ్ళు ఇప్పుడు చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లు నడిచి పోతున్నారు. నేను ఊ అన్న సంగతి మా ఆవిడకి తెలుసు గాని, ఆ రాత్రి నేను నిద్ర పోలేదని తెలియదు.

నాలుగో రోజు: వెంచురా నుంచి మాలిబు

ముందు రోజు వెంచురా చేరేముందు దాటొచ్చిన చోటు ఫారియా బీచ్, రోడ్డుకీ సముద్రానికీ మధ్య ఇళ్ళ వరస. అందులో ఒక కుటుంబం పాత బంగళా పడగొట్టి కొత్తది కడతామంటే, ఇంటి ముందు ఇసుక మీద జనం అటూ ఇటూ నడవనిస్తేనే పర్మిట్ ఇస్తామంది కమిషన్. నోలన్ కేసు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురికి నలుగురి తేడాతో కమిషన్‌ని తప్పుబట్టింది. ఇల్లు కట్టడం వల్ల వచ్చే నష్టానికీ, అడిగిన దారికీ సంబంధం లేనప్పుడు అది బలవంతపు వసూలుతో సమానమంది. అప్పటి నుంచి పర్మిట్‌కి బదులుగా దారి అడగడం కష్టమైంది. న్యాయంగా చూస్తే ఆ కుటుంబం మాటలోనూ పస ఉంది. లంచం ఒకటే లంచం కాదు.

మాలిబులో కార్బన్ బీచ్. మైలున్నర పొడవు. దాన్ని బిలియనీర్స్ బీచ్ అంటారు. రోడ్డు మీంచి చూస్తే సముద్రమే కనపడదు, గ్యారేజీ తలుపులు తప్ప. వాటిలో కొన్ని ఉత్తుత్తి తలుపులని, వెనక గ్యారేజీ ఉండదని, ముందు ఎవరూ కారు పెట్టకుండా ఉండటానికి బిగించినవని మాలిబులో అందరికీ తెలిసిన రహస్యం. సొంతంగా తయారు చేయించిన నో పార్కింగ్ బోర్డులు కూడా ఉండేవి. జనానికి ఎక్కడ నడిచే హక్కుందో చెప్పే మొబైల్ యాప్ ఒకటి 2013లో వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

రెండు ఇళ్ళ గోడల మధ్య సన్నటి సందు. హాలీవుడ్ నిర్మాత డేవిడ్ గెఫెన్ తన ఇంటి పనులకి పర్మిట్లు తీసుకుంటూ 1983లో ఈ దారి ఇస్తానని ఒప్పుకున్నారు. గేటు తెరుచుకున్నది 2005లో, అదీ కోర్టు గొడవలయ్యాక. ఒప్పుకున్న రోజు పుట్టిన పిల్లకి గేటు తెరిచేసరికి ఇరవై రెండేళ్ళు. అదే బీచ్‌లో మరో దారికి ఒక వార్తాపత్రిక కార్టూన్ పాత్ర పేరు పెట్టారు, జాంకర్ హారిస్ అని. ఆ పాత్ర ఎండలో పడుకోవడం తప్ప మరో పని చేయనివాడట. ప్రభుత్వ బోర్డు మీద అలాంటివాడి పేరు రాసిన ఊరిని నేను మెచ్చుకుంటాను.

సందులోంచి దిగాం. చేతిలో ఆటుపోట్ల పట్టిక ఉంది, పొద్దున్నే చూసుకున్నాను. నీరు వెనక్కి పోయే సమయం. మాలిబులోనే మరో చోట, పేరు రాయను, తడి ఇసుక మీద నేనూ మనవరాలూ గవ్వలు ఏరుతూ వెళ్తుంటే పైన డెక్ మీంచి ఒకాయన కేకేశాడు. ఇది ప్రైవేట్ బీచ్ అని. మర్యాదగానే అన్నాడు. అబ్బాయికి టెన్షన్ మొదలైంది. "నాన్నా, వెనక్కొచ్చేయండి."

నేను ఆగాను. ఇక్కడే ఈ హద్దు విషయం చెప్పాలి. ప్రజల భూమికీ ప్రైవేటు భూమికీ మధ్య గీత అంటే సగటు పోటు గీత. ఏ ఒక్క రోజు పోటో కాదు, 18.6 ఏళ్ళ పోట్ల సగటు. చంద్రుడి దారి ఒక చుట్టు పూర్తి కావడానికి అంత కాలం పడుతుంది కాబట్టి. 1935లో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క ఇది. పైగా ఇసుక కదిలితే గీత కూడా కదులుతుంది. చలికాలం అలలు ఇసుకని తీసుకుపోతాయి, ఎండాకాలం తెచ్చి పెడతాయి. నా సర్వీసంతా రాయి పాతి, నంబరు వేసి, ఎఫ్‌ఎంబీలో, అంటే పొలాల కొలతల పుస్తకంలో, ఎక్కించాను. రాయి పాతడానికి వీల్లేని హద్దు నా ఎరుకలో ఇదొక్కటే. మన దగ్గర 1991లో సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ వచ్చినప్పుడు పోటు గీత నుంచి 500 మీటర్లని రాశారు. ఆ పోటు గీత ఎక్కడుందని అడిగితే మా పై ఆఫీసరు, "కాళ్ళు తడిసే చోటయ్యా" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాం. మాలిబులో జనం ఆచరణలో పాటించేది అదే.

డెక్ మీది మనిషికి నేను ఏమీ జవాబు చెప్పలేదు. రెండడుగులు సముద్రం వైపు జరిగాను. అల వచ్చి చీలమండల దాకా తడిపింది. నీళ్ళు మంచులా ఉన్నాయి. మనవరాలు గట్టిగా అరిచి నా పంచె, కాదు ప్యాంటు, పట్టుకుంది. ఆయన కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నాడో, విసుగెత్తిందో.

(ఇది రాసే వేళకి ఆ తీరం అలా లేదు. 2025 జనవరి మంటల్లో మాలిబులో రోడ్డుకీ సముద్రానికీ మధ్య ఉన్న ఇళ్ళు చాలా కాలిపోయాయి. ఫొటోల్లో చూశాను. గోడలు పోయి, రోడ్డు మీంచి సముద్రం కనపడుతోంది. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ బాధ తల్చుకుంటే అది చూసి సంతోషించడానికి మనసొప్పలేదు.)

ఐదో రోజు: ఇంటికి

ఐ-5 మీద ఎండ, ఎండిన గడ్డి కొండలు, బాదం తోటలు. పశువుల దొడ్లు దాటేటప్పుడు అందరూ ముక్కులు మూసుకున్నారు, మా ఆవిడ తప్ప. చీకటి పడేసరికి ఫ్రీమాంట్ చేరాం. జాకెట్ జేబుల నిండా ఇసుక.

అందరూ పడుకున్నాక తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న.

"చెరువుల కాడ గేటు తాళం ఎవరి దగ్గరుందిరా?"

"లీజాయన దగ్గర. ఏం అన్నయ్యా, అమెరికా నుంచి గేటు సంగతి అడుగుతున్నావ్?"

"పక్కన మనిషి పట్టేంత సందు ఉందా?"

"ముళ్ళకంప కొట్టారు గదా."

"పల్లెవాళ్ళు మళ్ళీ ఏమైనా అడిగారా?"

"ఆ ఒక్కసారే. ఎవరిని అడుగుతారు? కాగితంలో లేదుగా."

లీజు కాగితానికి స్కెచ్ గీసింది నేనే. బయటివాడితో గీయిస్తే డబ్బు దండగని, సెలవు రోజు టేపు పట్టుకుని నేనే వెళ్ళాను. బీరువా పై అరలో ఆకుపచ్చ ఫైలులో ఉంటుంది, ఫొటో తీసి పంపమన్నాను. పది నిమిషాలకి వచ్చింది. పెద్దది చేసి చూశాను. స్కేలు రాసి ఉంది, ఉత్తరం బాణం ఉంది, హద్దు రాళ్ళ నంబర్లు నాలుగూ ఉన్నాయి, మూలన బోరింగు, కరెంటు స్తంభం, కింద నా సంతకం. డొంక చివర నుంచి తూర్పు కట్ట దాకా తెల్ల కాగితం.